మార్పు లేదు

పద్దెనిమిదేళ్ళుగా నేను రోజూ పొద్దున ఏడింటికి ఒకే అంకె రాస్తున్నాను. నాలుగు పాయింటు రెండు. వానొచ్చినా అంతే, ఎండ కాసినా అంతే. చలికాలంలో పైన గడ్డ కట్టినప్పుడు గునపంతో కన్నం చేసి చూసినా అంతే. కొండ మీద మంచు చెరువు, చెరువు పక్కన నున్నటి బండ, బండ మీద ఒక గది, గదికి నారింజరంగు తలుపు. నీళ్ళలో బండకి బిగించిన ఇనప బద్ద ఉంటుంది. దాని మీద నీటిమట్టం ఎన్ని మీటర్లుందో చూసి, పుస్తకంలో రాసి, కింద ఊళ్ళోని నీటి ఆఫీసుకి ఫోన్లో చెప్పడం నా ఉద్యోగం. ఆఫీసులో నా వెనకాల మీటరమ్మ అంటారని తెలుసు. నా ముందు అనే ధైర్యం ఎవడికీ లేదు.

అంకె మారలేదంటే నేను పని సవ్యంగా చేస్తున్నానని గర్వపడేదాన్ని. గర్వం కాదు, గాడిదగుడ్డు. నేనెంత మొద్దునో చెప్తాను వినండి.

ఆ సోమవారం అంకె రాసేసి, టీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడ్డాను. చెరువుకి అవతలి ఒడ్డున రాళ్ళూ మట్టీ కలిసిన పెద్ద గట్టు. దాని వెనక లోయ. లోయలో మా ఊరు. నా గదిలోంచి ఊరు కనపడదు, గట్టు అడ్డం. ఊళ్ళోని నీళ్ళ ట్యాంకు నెత్తి ఒక్కటే కనపడుతుంది. ఆవేళ ట్యాంకు పక్కన తెల్లగా ఏదో రెపరెపలాడింది. పక్షులేమో అనుకున్నాను. ఆఫీసు వాళ్ళిచ్చిన దుర్భిణి తెచ్చి చూస్తే దుప్పట్లు. తీగ మీద వరసగా ఆరేసిన దుప్పట్లు. వాటి మధ్య నడుం మీద చెయ్యి వేసుకుని ఒక మనిషి. ఆ నిలబడే తీరు ఎక్కడున్నా గుర్తుపడతాను, మా చెల్లెలే.

మా చెల్లెలికి లాండ్రీ ఉంది. ఆస్పత్రి దుప్పట్లూ, హోటలు దుప్పట్లూ, ఊళ్ళో సగం ఇళ్ళ బట్టలూ దాని దగ్గరికే వస్తాయి. కింద ఉతకడం, పైన డాబా మీద ఆరెయ్యడం. అది కనపడగానే సంతోషం పట్టలేక చెయ్యి ఊపాను. ఊపే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెల్లెలి డాబా పైకి లేవలేదు కదా. నా గది బండ మీద ఉంది, అది కదలదు. మధ్యలో మిగిలింది గట్టు ఒక్కటే.

గట్టు దిగింది.

ఈ గట్టు మనుషులు కట్టింది కాదు. నాకంటే ముందు ఈ గదిలో ఇదే పని చేసిన మా నాన్న మా ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "ఈ లోయంతా ఒకప్పుడు మంచే. మంచంటే కదలకుండా పడుంటుందనుకునేరు. ఏడాది పొడుగునా కొంచెం కొంచెం జారుతూనే ఉంటుంది. కడుపు కింద రాళ్ళు పట్టుకుని మరీ జారుతుంది, వాటితో కొండని గీకుతుంది." మా వేళ్ళు పట్టుకుని గది కింది బండ మీద రుద్దించేవాడు. సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. "కొన్నిచోట్ల కొండని గిన్నెలా తొలిచేస్తుంది. ఆ పైన చిన్న చెరువు అలాంటిది. చుట్టూ రాయే, దానికి ఢోకా లేదు. మనది అలాంటిది కాదమ్మా. గీకిన రాళ్ళన్నీ ముందుకి నెట్టుకొచ్చి, ఇల్లూడ్చి గుమ్మం దగ్గర కుప్ప పెట్టినట్టు పెట్టింది. తరవాత మంచు కరిగి వెనక్కి పోయింది, కుప్ప ఉండిపోయింది. మధ్యలో గుంట నీళ్ళతో నిండింది. ఆ కుప్ప కడుపులో ఇంకా పాత మంచు పూడుకుని ఉంది. అది కరగనన్నాళ్ళే అది గట్టు."

ఇంత తెలిసిన మనిషి కూతురిని, ఏం చేశాను? నీళ్ళు చూశాను. ఎక్కువైన నీళ్ళు పక్కనున్న రాతి సందులోంచి పోతాయి కాబట్టి మట్టం ఎప్పుడూ మారదు. బద్ద బండకి బిగించింది కాబట్టి గట్టు కుంగినా దానికి తెలీదు. ఆఫీసు ఫారంలో నీటిమట్టానికి గడి ఉంది, గట్టు ఎత్తుకి గడి లేదు. గడి లేదు కాబట్టి నాన్న రాయలేదు, నేను రాయలేదు, ఎవరూ అడగలేదు.

చెరువు నెత్తిన మంచు కొస ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎండలు ముదిరితే ముక్కలు విరిగి నీళ్ళలో పడతాయి. చిన్నవైతే ఉత్త చప్పుడు. ఇల్లంత ముక్క పడితే అల లేస్తుంది. ఆ అల గట్టు దాటిందా, మట్టి కోసుకుపోతుంది, దాని వెనకాలే చెరువంతా పోతుంది. లోయలో మొట్టమొదటి ఇల్లు మా చెల్లెలిది. ఎండలు ముదరడానికి ఇంకా రెండు నెలలుంది.

టీ పారబోసి మూడు గంటల దారి రెండు గంటల్లో దిగాను.

ఆఫీసు ఆవరణలో గోడవారగా నల్లటి లావుపాటి పైపులు పేర్చి ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం, ఇంకో లోయలో ఇలాంటి చెరువే తెగిపోయినప్పుడు భయపడి తెప్పించారు. గట్టు మీంచి వేసి చెరువు నీళ్ళు లాగి, మట్టం తగ్గించడానికి. ఒక్కరోజూ వాడలేదు. ఇప్పుడు ఒకడు వాటి మీద సుద్దతో నెంబర్లు వేస్తున్నాడు.

"ఏమిటివి, ఎక్కడికి?" అన్నాను.

"గురువారం లారీ వస్తోందమ్మా. వేరే ఊరి ఆఫీసుకి పోతున్నాయి. మనకి అవసరం లేదంటగా."

అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేసి మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళాను. రికార్డుల బల్ల దగ్గర మా మరిది కూర్చుని ఉన్నాడు. మా చెల్లెలి మొగుడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఏడాదికోసారి చెరువు మీద రిపోర్టు రాయాలి, అందులో ప్రతిసారీ 'మార్పు లేదు' అని రాసి రాసి చెయ్యి నొప్పెట్టి, ఆ రెండు మాటలకీ ఒక రబ్బరుస్టాంపు చేయించుకున్నాడు. అలాంటి మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ రిపోర్టు రాస్తున్నాడు, ఒక్కసారి కూడా కొండెక్కలేదు.

"రండి వదినా, కూర్చోండి. నీళ్ళెంత?"

"నీళ్ళ సంగతి కాదు. గట్టు కుంగింది."

"అది సరే, నీళ్ళెంత?"

"నాలుగు పాయింటు రెండు."

"మరింకేం!" అని నవ్వాడు.

నవ్వేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. బల్ల మీద చేత్తో కొట్టాను, స్టాంపు ఎగిరి కింద పడింది. "మీ డాబా నా గడపలోంచి కనపడుతోంది. మీ ఆవిడ ఆరేసిన దుప్పట్లు లెక్కపెట్టి మరీ చెప్తాను, ఎనిమిది. ఇదివరకు ట్యాంకు నెత్తి తప్ప ఏమీ కనపడేది కాదు. ఆ పైపులు పంపించారంటే మీ ఇంటి మీద మీరే నీళ్ళు పోసుకున్నట్టు!"

అరుపులకి ఇంజనీరు తన గదిలోంచి వచ్చాడు. ఈయన వచ్చి ఏడాదైంది. మాట మెత్తన. నాకు మెత్తని మాటంటేనే మంట.

"అమ్మా, పైపులు పంపమని నేను రాసింది మీ పుస్తకం చూసే," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళు, ఒక్క అంకె తేడా లేదు. ఇంత చక్కటి రికార్డు నేను ఎక్కడా చూడలేదు."

"ఆ పుస్తకం తప్పు సార్."

"అంటే మీరు తప్పు రాశారా?"

"తప్పు రాయలేదు. తప్పు దాన్ని చూశాను. నీళ్ళు అక్కడే ఉన్నాయి, గట్టే కిందికి పోయింది."

"ఎంత పోయింది?"

"అదే కొలవలేదు సార్."

"రేపు మనిషిని పంపి గట్టు కొలిపిస్తాను. ఇవాళ్టి ఎత్తు వస్తుంది. దాన్ని దేంతో పోల్చను? ఇదివరకటి ఎత్తు ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు."

"రెండు అంకెలుంటే పైఆఫీసుని ఒప్పించగలను. మీకు దుప్పట్లు కనపడ్డాయని లారీ ఆపలేనమ్మా. నన్ను చూసి నవ్వుతారు."

ఆయన్ని తిడదామంటే ఆయన తప్పేం మాట్లాడలేదు. అదే నా కడుపుమంట. నా పుస్తకమే నా నోరు మూయించింది. మరిది కిందపడ్డ స్టాంపు తీసి జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు. "మీరు ఇంటికి పదండి వదినా, ఏదైనా తిందురుగాని," అన్నాడు. పైపుల పక్కనించి నడుస్తూ ఒకదాన్ని కాలితో తన్నాను. వేలు వాచింది.

నేనూ మరిదీ వాళ్ళిల్లు చేరేసరికి చెల్లెలు కింద మిషన్ లోంచి తడి తువ్వాళ్ళు తీస్తోంది. మా ఇద్దరిలో అది నెమ్మది. చిన్నప్పుడు నేను జుట్టు పీకినా ఏడ్చేది కాదు, జుట్టు సర్దుకునేది. నేను దాన్ని ఇప్పటికీ చిన్నీ అనే పిలుస్తాను, దానికి నలభై ఆరేళ్ళు.

"చిన్నీ, మూటా ముల్లే సర్దు," అన్నాను. "ఎండలు ముదిరేలోగా ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"ఏమైందక్కా? కాలు కుంటుతున్నావేం?"

"నా కాలు సంగతి తరవాత. గట్టు కుంగిపోతోంది. పొద్దున నా గడపలో నిలబడితే నువ్వు కనపడ్డావు."

అది తువ్వాళ్ళ గంప కింద పెట్టింది. "ఇవాళ చూశావా నన్ను?" అంది. "ఇన్నాళ్ళకా?"

"ఇన్నాళ్ళకేమిటి?"

"నువ్వు నాకు ఆరు నెలల నుంచి కనపడుతున్నావక్కా. పొద్దున్నే తలుపు తీసి, బయటికొచ్చి, బద్ద వైపు వంగుతావు. ఒక్కసారైనా ఇటు చూస్తావేమోనని నేను చెయ్యి ఊపుతుంటాను. నీ గది కప్పయితే రెండేళ్ళ నుంచి కనపడుతోంది."

నేనూ మరిదీ మొహాలు చూసుకున్నాం.

"రెండేళ్ళ నుంచి కనపడుతుంటే నోటికి తాళం వేసుకున్నావా?" అని అరిచాను. "చెప్పి చావొచ్చుగా!"

అప్పుడు చూడాలి మా చెల్లెల్ని. దాని మొహం ఎర్రబడడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"చెప్పలేదా? నేను చెప్పలేదా?" అంది. గొంతు మాత్రం పెంచలేదు. "ఫోన్ చేసి మరీ చెప్పాను. అక్కా, నీ గది కప్పు మా డాబా మీంచి కనపడుతోంది, ఎంత బాగుందో అన్నాను. ఏమన్నావు నువ్వు?"

నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండేది. కళ్ళజోడు తుడుచుకో, నాకు పనుంది, అన్నాను.

"ఈయనతో చెప్పాను. భోంచేస్తూ, ఉప్పు ఇలా అందుకో అన్నారు. నాన్న చెప్పింది నేనూ విన్నాను అక్కా, ఆ బండ మీద నా వేళ్ళు కూడా పెట్టి రుద్దించాడు. కానీ గట్టు చూసుకోవడానికి నువ్వు ఉన్నావు, ఆఫీసులో ఈయన ఉన్నారు. ఉతికేదాన్ని, నాకేం తెలుసులే అనుకున్నాను. మీరిద్దరూ అలా అనుకునేలా చేశారు!"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. యాభై రెండేళ్ళ వయసులో నాకు తిట్టడం తప్ప ఏమీ చేతకాదని అప్పుడు తెలిసింది.

"రండి ఇద్దరూ," అని అది మెట్లెక్కింది.

డాబా మీద తీగ కట్టిన ఇనప స్తంభానికి ఒక మేకు, మేకుకి నాన్న పాత దుర్భిణి. నాన్న పోయాక నాకు ఉద్యోగం వచ్చింది, దానికి ఆ దుర్భిణి వచ్చింది. దాని పక్కనే తాడుతో వేలాడదీసిన లావుపాటి నోటుపుస్తకం, అట్ట నీళ్ళకి ఉబ్బిపోయి ఉంది.

"ఏమిటిది?" అన్నాడు మరిది, ఆ ఇంట్లోనే ఉండి.

"ఆరేసే పుస్తకం. పొద్దున కొండ వైపు చూస్తాను. ఎంతవరకు కనపడితే అంత తెరిపి ఉన్నట్టు. బాగా కనపడితే దుప్పట్లు వేస్తాను, లేకపోతే చేతిరుమాళ్ళు. ఆరేళ్ళుగా రాస్తున్నాను. రాసుకోకపోతే ఏ నెలలో ఎన్ని తడి రోజులో తెలీదు, జనానికి మాట ఇవ్వలేను."

నేను తిప్పాను. మొదటి నాలుగేళ్ళూ ప్రతి పేజీలో ఒకటే: గట్టు మీది నల్లరాయి కనపడింది, లేదా కనపడలేదు. తరవాత, రెండేళ్ళ క్రితం వసంతంలో ఒకచోట దాని గుండ్రటి అక్షరాలు: 'అక్క గది కప్పు కొస కనపడింది!' పక్కన పువ్వు బొమ్మ కూడా వేసింది. ఆ తరవాత తేదీలు వేసి మరీ ఉన్నాయి. కప్పు సగం. కప్పంతా. తలుపు పైచెక్క. తలుపు సగం, అక్క కనపడింది. మొన్న శనివారం: గడప.

నేను పద్దెనిమిదేళ్ళు కొలవనిది అది దుప్పట్లు ఆరేసుకుంటూ కొలిచి పెట్టింది.

మరిది పుస్తకం లాక్కుని అక్కడే చతికిలపడ్డాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు. "వదినా, మీ గది కప్పు కొస నుంచి గడపకి ఎంత?"

"పదకొండు అడుగులు. నిచ్చెన వేసి రంగు వేసింది నేనే."

"ఇక్కణ్ణించి గదికి సూటిగా మూడు కిలోమీటర్లు, గట్టుకి రెండు. అక్కడ పదకొండంటే గట్టు దగ్గర…" పెన్సిలు ఆగింది. "ఏడడుగుల పైన. రెండేళ్ళలో." తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు. "నేను రెండుసార్లు స్టాంపు వేశాను."

"లెండి," అంది చెల్లెలు. "తరవాత బాధపడుదురుగాని."

ముగ్గురం ఆఫీసుకి వెళ్ళాం. అది తడి ఏప్రను కూడా విప్పలేదు. ఇంజనీరు పుస్తకం తిరగేసి, పువ్వు బొమ్మ దగ్గర ఆగి, మెత్తగా నవ్వబోయాడు.

"ఇది ఆఫీసు రికార్డు కాదమ్మా. పైవాళ్ళు అడిగితే లాండ్రీ పుస్తకం నమ్మానని ఎలా చెప్పను?"

నేను నోరు తెరిచాను. చెల్లెలు నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"సార్, మీ ఇంటి దుప్పట్లు ఏడాదిగా నా దగ్గరికే వస్తున్నాయి," అంది. "ఈ పుస్తకం చూసే ఏ రోజుకి ఇస్తానో మీ ఆవిడకి చెబుతాను. చెప్పిన రోజుకి ఇవ్వకపోవడం గాని, తడిగా ఇవ్వడం గాని ఒక్కసారైనా జరిగిందా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. పుస్తకం మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. తరవాత కుర్చీ వెనక్కి నెట్టి, "మీ డాబా ఎక్కొచ్చా?" అన్నాడు. ఎక్కాడు, దుర్భిణి పెట్టుకుని చూశాడు, దిగాడు. లారీ వద్దని ఫోన్లో చెబుతున్నప్పుడు గొంతు మెత్తగా లేదు. ఇదేదో ముందే చేసి ఉంటే నా వేలు వాచేది కాదు.

మర్నాడు గట్టు కొలిచారు. నీళ్ళకి పైన ఎనిమిది అడుగులే మిగిలింది. పైపులు కొండ మీదికి చేర్చడానికి పదకొండు రోజులు పట్టింది. మరిది మొదటిసారి కొండెక్కాడు, రొప్పుతూ, దారిపొడుగునా తనని తాను తిట్టుకుంటూ. పైపుల్లోంచి నీళ్ళు లోయలోకి దూకడం మొదలైన మర్నాడు నేను నాలుగు పాయింటు ఒకటి అని రాశాను. చెల్లెలు మాత్రం కోపం తగ్గక నాతో మాట్లాడడం మానేసింది. రోజూ ఏడుంపావుకి ఫోన్ చేసి, "గడప కింది రాయి కనపడింది, రాసుకో," అని పెట్టేసేది. నన్ను నాలుగు తిట్టవే అని బతిమాలినా అంతే. ఫారంలో గడి లేకపోతే నేనే గీత గీసి కొత్త గడి చేసుకుని రాశాను.

రెండు నెలలు గడిచాయి. మట్టం ఒకటి పాయింటు ఆరుకి దిగింది, అంటే తొమ్మిదడుగులకి కాస్త తక్కువగా తగ్గినట్టు. ఒక మధ్యాహ్నం ఎండ చురచురలాడుతుండగా పైన మంచు కొస పెళ్ళున విరిగింది. ఇల్లంత కాదు, వీధంత. చెరువు ఒక్కసారి లేచి నిలబడింది. నేను ఫోన్లో "అల!" అని ఒక్క మాట అరిచాను, కింద మరిది సైరను నొక్కాడు. నీటి తుంపర తెల్లటి పొగలా చెరువంతా కమ్మేసింది. నా చెయ్యే నాకు కనపడలేదు. గట్టుకి అల తగిలిన చప్పుడు కాళ్ళ కింద బండలోకి వచ్చింది.

ఫోన్ మోగింది.

"అక్కా!" చెల్లెలు. వెనకాల సైరను, జనం పరుగులు. "నీ తలుపు కనపడడం లేదు. అక్కా, ఉన్నావా?"

అది ఇంకా డాబా మీదే ఉంది.

"నీకు బుద్ధుందా! సైరను వినపడడం లేదూ? అందరూ పరిగెడుతుంటే అక్కడ నిలబడి నన్ను చూస్తున్నావా? పో! ముందు మెట్లు దిగు!"

"నువ్వు కనపడితే గాని ఎలా పోను?"

అప్పుడు తుంపర కాస్త పలచబడింది. గట్టు కనపడింది. గట్టు అంచుకి రెండడుగుల కింద తడి గీత, ఈ చివర నుంచి ఆ చివరకి. అల అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళింది. ఆ తొమ్మిదడుగులూ దిగకపోయి ఉంటే ఏమయ్యేదో లెక్కపెట్టడానికి నాకు మరిది పెన్సిలు అక్కరలేదు.

"ఆగింది చిన్నీ," అన్నాను. "దాటలేదు. దాటలేదే!"

అటునుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. చిన్నప్పుడు జుట్టు పీకినా ఏడవని పిల్ల.

నేను తలుపు దగ్గరికి వెళ్ళి, తుంపరలోంచి కూడా కనపడేలా, దాన్ని ఒకసారి మూసి, తీసి, మళ్ళీ మూసి, తీశాను. తరవాత గడపలో నిలబడి, బద్ద వైపు కాకుండా ఊరి వైపు తిరిగి, చెయ్యి నొప్పెట్టేదాకా ఊపుతూ ఉన్నాను.